పిల్లల చేతికి పాటల ప్లేయరు: ఇవ్వాలా, వద్దా?



ప్రియమైన సహోదరీ సహోదరులారా, అనేక తల్లిదండ్రులను కలవరపెట్టుచున్న ఒక ప్రశ్నను గూర్చి ఈ దినము ఆలోచిద్దాము. "అయ్యగారూ, మా పాపకు ఆరేండ్లు. మేము పనికి బెంగుళూరు పోతున్నాము, పాప అవ్వ దగ్గర ఉంటుంది. దేవుని పాటలు ఎక్కించిన చిన్న ప్లేయరు, ఇయర్‌ఫోన్లు కొనిచ్చి పోతే మంచిదేనా?" అని తల్లులు అడుగుతారు.

మన అనంతపురం మెట్టభూముల సంగతి మీకు తెలుసు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. అది కూడా వేరుశనగ ఊడలు దిగే వేళకు రాకపోతే పంట పోయినట్లే. అప్పుడు కూలి నిమిత్తము బెంగుళూరుకో, కేరళకో పోక తప్పదు. బిడ్డ చేతిలో ఏదైనా పెట్టి పోవాలని తల్లి మనసు కొట్టుకుంటుంది. ఆ ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ వస్తువు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసికొని ఇవ్వాలి.

మొదటిగా చెవిని చూడండి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారములో ఒక భాగము ఉంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమకణములు ఉంటాయి. శబ్దమును మెదడుకు అందించేవి ఇవే. ఇవి పుట్టుకతో దేవుడిచ్చినవి. ఎండిన చేనిలో వాన పడితే గడ్డి మళ్లీ మొలుస్తుంది గాని, ఈ కణములు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఒక ప్రమాణమును ప్రకటించాయి. దాని ప్రకారము పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దమును వారానికి 40 గంటలు వినవచ్చును. పిల్లలకైతే 75 డెసిబెల్సే, అదే 40 గంటలు. మనము మామూలుగా మాట్లాడుకొనే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి: శబ్దము 3 డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయము సగమవుతుంది. 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలు. 90 వరకు పెంచితే పిల్లలకు వారమంతటికీ గంటంబావు మాత్రమే, అంటే రోజుకు సుమారు పది నిమిషాలు. ఇయర్‌ఫోను పెట్టుకొని సౌండు పెంచితే 90 దాటడం చాలా సులభము.

పైగా చిన్నపిల్లల చెవిరంధ్రము చిన్నది గనుక అదే ఇయర్‌ఫోను పెద్దలకంటె వారి కర్ణభేరి మీద ఎక్కువ ఒత్తిడి కలిగిస్తుంది. బస్సులో కూర్చున్నప్పుడు ఇంజను మోత వలన పాట వినబడదు, బిడ్డ ఇంకా పెంచుతుంది. దేవుని పాటైనా, సినిమా పాటైనా ఆ కణములకు తేడా లేదు. మన కూటములలో సౌండు బాక్సుల ముందే పిల్లలను కూర్చోబెట్టేవారు కూడ ఈ మాట ఆలోచించాలి.

రెండవదిగా, మాట నేర్చుకొనుటను గూర్చి. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. తొమ్మిది నెలల శిశువులకు చైనా భాష వినిపించారు. మనుష్యులు ఎదుట కూర్చొని మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనులను పట్టుకున్నారు. అదే మాటలను రికార్డు చేసి వినిపించినప్పుడు పట్టుకోలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రచించిన కీర్తనలను అక్షరము రాని మన అవ్వలు కంఠతా పాడగలిగింది ఎట్లు? పక్కన కూర్చున్నవారితో కలిసి పాడుట వలననే గదా.

మూడవదిగా, వాక్యములోనికి రండి. 1 సమూయేలు 3వ అధ్యాయములో బాలుడైన సమూయేలు రాత్రివేళ స్వరము విన్నాడు. చెవులు బాగానే ఉన్నాయి, స్వరము కూడ దేవునిదే. అయినను అది ఎవరి స్వరమో అతనికి తెలియక మూడు సార్లు ఏలీ యొద్దకు పరుగెత్తాడు. ఎలా జవాబియ్యాలో ఏలీ చెప్పిన తరువాతనే గ్రహించాడు. బిడ్డ వింటే చాలదు. విన్నదానిని గూర్చి అడుగుటకు దగ్గర ఒక పెద్ద ఉండాలి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము కూడ ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు తల్లిదండ్రులే పిల్లలతో మాట్లాడవలెనని చెప్పుచున్నది. ఇయర్‌ఫోను పెట్టిన చెవికి ఆ మాట చేరదు.

అయితే ఏమి చేయాలి? ప్లేయరు కొనండి గాని పాప చేతికి కాదు, అవ్వ చేతికి ఇవ్వండి. చదువురాని అవ్వకు వాక్యము వినుటకు అది ఎంతో మేలు. ఇయర్‌ఫోను లేకుండా, స్పీకరు ఉన్నదే కొనండి. నడింట్లో పెట్టి, పక్కన మాట్లాడే మాట వినబడేంత సౌండులోనే ఉంచండి. సాయంకాలము అరగంట ఇద్దరు కలిసి విని, కలిసి పాడి, ఆపేయాలి. వైరు మెడలో వేసుకొని నిద్రపోనియ్యవద్దు. పాప ఎదిగి, తన సౌండు తానే తగ్గించుకొనే తెలివి వచ్చిన తరువాత ఇయర్‌ఫోను సంగతి చూడవచ్చును.

చెవిలో మోత వస్తుందన్నా, పిలిస్తే మాటిమాటికి "ఏమి?" అన్నా, చీము కారినా ఆలస్యము చేయకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లల వినికిడిని కూడ పరీక్షిస్తారు. బడిలో, అంగన్‌వాడీలో అడగండి.

వలస పోవుచున్న తల్లీ, నీవు రాత్రికి ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడు. బడిలో ఏమి జరిగిందో అడుగు, పాప చెప్పేది పూర్తిగా విను. ప్లేయరు పాడుతుంది గాని బిడ్డ మాట వినలేదు. వినగలిగినది నీవే.

మన మొఱ్ఱ వినుటకు చెవియొగ్గే దేవుడు మీ పిల్లలను కాపాడును గాక. ఆమేన్.