పేరు చెప్పని చందమామ.. పేర్లు వెతికిన పాఠకులు

1947 జులైలో మద్రాసు నుంచి బి.నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పిల్లల మాసపత్రిక చందమామ. మొదట తెలుగు, తమిళం. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ మీదుగా సంస్కృతం, సింహళం వరకు పదికి పైగా భాషల్లో వెలువడింది. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. దాని అభిమానుల బృందాలు మాత్రం ఈ చివరి ఏళ్లలోనే బలపడ్డాయి. పాత సంచికలు పోగుచేయడం, వాటిని స్కాన్ చేసి పంచుకోవడం, ఏ సీరియల్ ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసిందో జాబితాలు రాయడం, ఎవరు రాశారో తేల్చడం వీళ్ల పని. ఇందులో చివరిదే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా విలువైనది కూడా.

ఎందుకంటే చందమామ తన సొంత రచయితల పేర్లు వేసేది కాదు. బయటివాళ్లు పంపిన కథలకు పేరుండేది. ఆఫీసులో కూర్చుని రాసిన సీరియళ్లకు, పురాణ కథలకు ఉండేది కాదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపింది కొడవటిగంటి కుటుంబరావు. వచ్చిన ప్రతి కథనూ తిరగరాసి, పిల్లలకు అడ్డు తగలని వాడుక భాషలోకి తెచ్చింది ఆయనే. సంపాదకుడిగా అచ్చయిన పేరు మాత్రం ఆయనది కాదు. ‘చదువు’ నవల రాసిన కొ.కు.యే తమకు నెలనెలా కథ చెబుతున్నాడని చాలా ఇళ్లలో పెద్దలకు కూడా తెలియదు. చేతులు ఎన్ని మారినా కథ ఒకే గొంతుతో వినిపించడం ఈ పద్ధతి వల్ల కలిగిన లాభం. నష్టమంతా రచయితలదే.

చిత్రకారుల పరిస్థితి వేరు. బొమ్మ కింద సంతకం ఉండేది కాబట్టి చిత్రా, శంకర్, ఎం.టి.వి.ఆచార్య, వడ్డాది పాపయ్య పేర్లు చదవడం అప్పుడప్పుడే నేర్చిన పిల్లలకూ తెలుసు. పాపయ్య ‘వ.పా.’ అని సంతకం చేసేవారు. అదే సంస్థ నడిపిన ‘యువ’ పత్రికలో దాన్ని తిరగేసి ‘పా.వ.’ అయ్యేవారు. భుజాన శవం, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. 1952లో చేరిన ఆయన 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు, కాస్త ఆలస్యంగానే.

అజ్ఞాతంగా ఉండిపోయిన వాళ్లలో అభిమానులు ఎక్కువగా పట్టించుకున్నది దాసరి సుబ్రహ్మణ్యాన్ని. 1954లో మొదలైన ‘తోకచుక్క’తో సహా మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు.. రెండు దశాబ్దాలకు పైగా తెలుగు పిల్లల్ని నెల పొడుగునా వేధించిన జానపద సీరియళ్లన్నీ ఒక్కరివే. కథానాయకులు శిఖిముఖి, విక్రమకేసరి ఎలా తప్పించుకుంటారో తెలియాలంటే వచ్చే సంచిక దాకా ఆగాల్సిందే. ఆఫీసులో ఆయన ఐదు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 2010లో చనిపోయాక ‘రచన’ మాసపత్రిక ఆయన స్మృతిలో ప్రత్యేక సంచిక తెచ్చింది. సీరియళ్లు ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. పాఠకులు వెంటపడకపోతే ఇది జరిగేదా అన్నది అనుమానమే. కొ.కు. కుమారుడు, శాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ తండ్రి గురించి, ఆ ఆఫీసు మనుషుల గురించి రాసిన జ్ఞాపకాలు ఈ వెతుకులాటకు మంచి ఆధారాలయ్యాయి.

సంచికలు పోగుచేయడంలో చిక్కు వేరే రకం. సీరియల్ పేజీలు విడదీసి, వరస పెట్టి కుట్టి, బైండు చేయించుకోవడం ఒకప్పుడు ఇంటింటి అలవాటు. అలా సీరియల్ దక్కింది, సంచిక చెడింది. బైండు చేసేవాడు అట్టలు తీసేయడంతో వ.పా. ముఖచిత్రాలు ఎన్నో పోయాయి. ఒకరి దగ్గర అట్ట, మరొకరి దగ్గర లోపలి పేజీలు దొరికితే రెండూ కలిపి ఒక పూర్తి సంచిక తయారుచేయాల్సి వస్తుంది. స్కానింగ్ చేతికి రాకముందు ఈ పని ఊహకు కూడా అందేది కాదు.

పత్రిక ఒడుదొడుకులు కూడా అభిమానులను తొందరపెట్టాయి. 1998లో ప్రచురణ ఆగి, 1999 చివర మళ్లీ మొదలైంది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది. పాత సంచికలను కంపెనీయే ఇంటర్నెట్‌లో పెట్టడంతో ఊళ్లో లైబ్రరీ లేనివాళ్లకు, సముద్రాలు దాటి వెళ్లినవాళ్లకు 1947 నాటి సంచిక కూడా అందింది. కంపెనీ చిక్కుల్లో పడ్డాక ఆ తలుపు మూసుకుంది. అప్పటికే దించుకుని దాచుకున్నవాళ్ల దగ్గర మిగిలినవే ఈరోజు చేతులు మారుతున్నాయి.

ఇలా పంచుకోవడం చట్టం దృష్టిలో పూర్తిగా సాఫీ కాదు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పేరుతో వచ్చిన రచనకు ఆయన మరణానంతరం 60 ఏళ్లు, పేరు లేకుండా వచ్చినదానికి అచ్చయిన దగ్గర్నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆ గడువులోగా రచయిత ఎవరో చట్టబద్ధంగా తేలితే లెక్క మళ్లీ ఆయన మరణం నుంచే. పేర్లు దాచిన పత్రిక విషయంలో ఈ లెక్క తేలిక కాదు. స్కాన్లు పంచుకునేవాళ్లలో ఎక్కువమంది ఇంతదూరం ఆలోచించి ఉండరు.

ఈ అభిమానానికి ఒక హద్దు కూడా ఉంది. చర్చలన్నీ 1950ల నుంచి 1970ల దాకా తిరిగి అక్కడే ఆగుతాయి. 1980 తర్వాతి సంచికల మీద శ్రద్ధ తక్కువ, 2000 తర్వాతి వాటి మీద ఇంకా తక్కువ. రంగులు, కాగితం మెరుగుపడినా కథ పలచబడిందన్నది పాతవాళ్ల ఫిర్యాదు. అందులో నిజముంది, కొంత బాల్యం మీద బెంగ కూడా ఉంది. అదీగాక, ఈ బృందాల్లో మాట్లాడేవాళ్లలో నడివయసు దాటినవాళ్లే ఎక్కువ. తాము చదివినదాన్ని మనవలకు వినిపించేవాళ్లు ఉన్నారు గానీ, ఆ స్కాన్లు తెరిచి సొంతంగా చదువుకునే పిల్లలు అరుదు.