పరీక్షే లేని ఆటలో నిజాయితీకి రుజువేది?

1998 ఆగస్టులో మార్క్ మెగ్వైర్ కొట్టే ప్రతి హోమ్ రన్‌నూ అమెరికా అంతా లెక్కపెడుతోంది. క్రికెట్‌లో సిక్సర్ ఎలాగో బేస్‌బాల్‌లో హోమ్ రన్ అలాంటిది. బంతి కంచె దాటి ప్రేక్షకుల మధ్య పడుతుంది. ఒక సీజన్‌లో 61 హోమ్ రన్లంటూ 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన రికార్డు 37 ఏళ్లుగా చెక్కుచెదరలేదు. మెగ్వైర్, సామీ సోసా పోటాపోటీగా దాన్ని తరుముతున్నారు. సరిగ్గా అప్పుడే అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి స్టీవ్ విల్‌స్టీన్ మెగ్వైర్ లాకర్‌లో ఒక సీసాను గమనించి, దాని మీది పేరు రాసుకున్నాడు: ఆండ్రోస్టెనిడయోన్. శరీరంలోకి వెళ్లాక టెస్టోస్టెరాన్‌గా మారే పదార్థం అది. ఒలింపిక్స్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో అప్పటికే నిషిద్ధం. బేస్‌బాల్‌లో మాత్రం కాదు. దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు.

వార్త బయటికి రాగానే కోపం ఆటగాడి మీదికి కాక విలేఖరి మీదికి మళ్లింది. ఒకరి లాకర్‌లోకి తొంగిచూడటమేమిటని మండిపడ్డారు. ఆ వార్తాసంస్థ వాళ్లను డ్రెస్సింగ్ రూమ్‌లోకే రానివ్వకూడదని మెగ్వైర్ జట్టు మేనేజర్ టోనీ లా రూసా పట్టుబట్టాడు. ఆ సీజన్ ముగిసేసరికి మెగ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్లతో నిలిచారు. సీసా సంగతి మరుగున పడింది.

అంత తేలిగ్గా మరుగున పడటానికి కారణం ఉంది. 1994లో ఆటగాళ్ల సమ్మెతో సీజన్ మధ్యలోనే ఆగిపోయింది, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. అలిగి వెళ్లిపోయిన అభిమానులను మళ్లీ స్టేడియాలకు రప్పించింది ఈ హోమ్ రన్లే. యజమానులకు టికెట్లు, టీవీలకు ప్రేక్షకులు, పత్రికలకు కథలు దక్కాయి. ఇంతమందికి లాభం తెచ్చిపెడుతున్నదాన్ని గుచ్చి గుచ్చి అడిగేదెవరు?

మందు చేసేదేమిటి?

ఇక్కడ చెప్పుకుంటున్నవి ఆస్తమాకో కోవిడ్‌కో డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు కావు. ఇవి పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను అనుకరిస్తూ ల్యాబ్‌లో తయారుచేసిన అనబాలిక్ స్టెరాయిడ్లు. కండరం పెంచుతాయి, అలసిన ఒళ్లు తొందరగా కోలుకునేలా చేస్తాయి. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడాల్సిన ఆటలో ఆ రెండో గుణమే ఎక్కువ పనికొస్తుందని ఆటగాళ్లు చెబుతుంటారు.

బంతిని చూసే కన్ను, కొట్టే టైమింగ్ మందుతో వస్తాయా అన్నది పాత వాదన. రావు, నిజమే. కానీ ఆ రెండూ ముందే ఉన్నవాడికి కాస్త బలం తోడైతే ఏమవుతుందో టఫ్ట్స్ యూనివర్సిటీ భౌతిక శాస్త్రవేత్త రోజర్ టోబిన్ 2008లో లెక్కగట్టాడు. కండరాల బరువు 10 శాతం పెరిగితే బ్యాట్ వేగం 5 శాతం దాకా పెరుగుతుంది, బంతి 4 శాతం ఎక్కువ వేగంతో దూసుకెళ్తుంది. చూడటానికి అది చిన్న తేడానే. కానీ కంచె దగ్గర క్యాచ్ కావలసిన బంతులన్నీ కంచె దాటిపోతాయి కాబట్టి హోమ్ రన్లు సగానికి సగం పెరిగే వీలుంది.

రాతలో నిషేధం, చేతలో శూన్యం

స్టెరాయిడ్లు వాడకూడదని 1991లోనే అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ జట్లన్నిటికీ మెమో పంపాడు. కానీ పరీక్షలు లేవు. పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదరాలి. మూత్రం నమూనా అడగడమంటే వ్యక్తిగత గోప్యతలోకి చొరబడటమేనని సంఘం వాదించింది. కార్మిక హక్కుల కోణంలో అది కొట్టిపారేయదగ్గ వాదనేమీ కాదు. అయితే మందు ముట్టని సభ్యులు కూడా అదే సంఘంలో ఉన్నారు. వాళ్ల ముందు మిగిలినవి రెండే దారులు: తామూ వాడటం, లేదా వాడేవాడికి చోటు వదిలి తప్పుకోవడం. వాళ్ల తరఫున మాట్లాడినవారు తక్కువ. 1990ల మధ్య నుంచే పరీక్షలు కావాలన్న ఫ్రాంక్ థామస్ లాంటివారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

2002లో కెన్ కామినిటీ స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రికకు నిజం చెప్పాడు. 1996లో తనకు నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు తెచ్చిపెట్టిన సీజన్‌ను స్టెరాయిడ్లు వాడే ఆడానన్నాడు. అప్పటికే ఆట నుంచి తప్పుకున్నాడు, వ్యసనాలతో చితికిపోయి ఉన్నాడు. 2004లో 41 ఏళ్లకే, మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించాడు. 2005లో పుస్తకం రాసి తోటివాళ్ల పేర్లు బయటపెట్టిన హోసే కాన్సేకోను డబ్బు కోసం రాశాడని తిట్టిపోశారు. డబ్బు కోసమే రాసి ఉండవచ్చు. కానీ అతడు చెప్పినవాటిలో చాలావరకు తర్వాత నిజమేనని తేలాయి.

ఎట్టకేలకు 2003లో పరీక్షలు మొదలయ్యాయి, అవి కూడా పేర్లు బయటపెట్టని, శిక్షలు లేని సర్వే రూపంలో. ఐదు శాతం మించి దొరికితేనే మరుసటి ఏడాది నుంచి అసలు పరీక్షలు పెట్టాలన్నది ఒప్పందం. ఆ ఏడాది పరీక్ష ఉంటుందని తెలిసి కూడా 5 నుంచి 7 శాతం దాకా పాజిటివ్ వచ్చాయి.

పైగా పరీక్షలో కనబడకుండా ఉండేందుకే తయారైన మందులు కొన్ని ఉన్నాయి. కాలిఫోర్నియాలోని బాల్కో అనే సంస్థ సరఫరా చేసిన టీహెచ్‌జీ అలాంటిదే. ఒక అథ్లెటిక్స్ కోచ్ 2003లో దాని అవశేషం ఉన్న సిరంజిని అధికారులకు పంపితే తప్ప ల్యాబ్‌లు దాన్ని గుర్తించలేకపోయాయి. ఆ కేసులోనే బ్యారీ బాండ్స్ గ్రాండ్ జ్యూరీ ముందుకొచ్చాడు. 2001లో 73 హోమ్ రన్లతో మెగ్వైర్ రికార్డును చెరిపేసిన ఆటగాడు. తన ట్రైనర్ ఇచ్చినవి అవిసె నూనె, కీళ్లవాతం క్రీమ్ అనుకున్నానని ప్రమాణం చేసి చెప్పాడు. న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో పడిన శిక్ష 2015లో అప్పీలులో రద్దయింది.

2005 మార్చి 17న అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ఆటగాళ్లను పిలిపించింది. గతం గురించి మాట్లాడటానికి రాలేదని మెగ్వైర్ తప్పించుకున్నాడు. రాఫెల్ పాల్మేరో చూపుడువేలు ఆడిస్తూ, స్టెరాయిడ్లు ఎన్నడూ వాడలేదని కుండబద్దలు కొట్టాడు. ఆగస్టు 1న అతడే పాజిటివ్‌గా దొరికి సస్పెండయ్యాడు. కలుషితమైన బీ-12 ఇంజెక్షన్ వల్ల కావచ్చన్నాడు.

2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ల పేర్లు చెప్పింది. కమిషనర్లు, జట్ల అధికారులు, సంఘం, ఆటగాళ్లు అందరిదీ బాధ్యతేనని కూడా చెప్పింది. పత్రికల్లో మాత్రం పేర్లే మిగిలాయి. ఆడుతున్నవాళ్లలో తనంత తానుగా మిచెల్‌తో మాట్లాడింది ఫ్రాంక్ థామస్ ఒక్కడే.

ఎవరు లోపల, ఎవరు బయట

శిక్షల చిట్టా చూస్తే, మందు ఎంత వాడారన్నదాని కంటే అడిగినప్పుడు ఏం చెప్పారన్నదే ఎక్కువ లెక్కలోకి వచ్చినట్టుంది. గ్రోత్ హార్మోన్ వాడానని ఒప్పుకున్న ఆండీ పెటిట్ మళ్లీ ఆడాడు. 2015లో యాంకీస్ జట్టు అతడి జెర్సీ నంబరును మరొకరికి ఇవ్వకుండా గౌరవించింది. అతడి మిత్రుడు రోజర్ క్లెమెన్స్ ససేమిరా కాదన్నాడు. కోర్టు 2012లో నిర్దోషి అని తేల్చినా మచ్చ పోలేదు. మెగ్వైర్ 2010లో ఒప్పుకుని కోచ్‌గా తిరిగొచ్చాడు. అలెక్స్ రోడ్రిగ్జ్ 2007లో టీవీలో కాదన్నాడు, 2009లో అవునన్నాడు, మరో కేసులో 2014 సీజనంతా నిషేధానికి గురయ్యాడు. ఇప్పుడు టీవీలో మ్యాచ్‌ల విశ్లేషకుడు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాలంటే 75 శాతం మంది బేస్‌బాల్ రచయితలు ఓటెయ్యాలి. ఓటేసేటప్పుడు వ్యక్తిత్వం, నిజాయితీ కూడా చూడాలని నిబంధన. 2022లో చివరి అవకాశంలో బాండ్స్‌కు 66 శాతం, క్లెమెన్స్‌కు 65.2 శాతం వచ్చాయి. 2003 సర్వేలో దొరికినట్టు పత్రికల్లో వచ్చిన డేవిడ్ ఓర్టిజ్ మాత్రం ఆ ఏడాదే తొలి ప్రయత్నంలో లోపలికెళ్లాడు. తెలిసి ఏమీ వాడలేదని అతడు మొదటి నుంచీ అంటున్నాడు, ఆ ఫలితాలు నమ్మదగినవి కాకపోవచ్చని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ కూడా అన్నాడు. స్టెరాయిడ్ల కాలమంతా కమిషనర్ కుర్చీలో ఉన్న బడ్ సెలిగ్‌ను 2017లోనే హాల్‌లో చేర్చారు. విలేఖరిని గెంటెయ్యమన్న లా రూసా 2014 నుంచే అక్కడున్నాడు.

నిజంగా నష్టపోయింది వేరేవాళ్లు. మిచెల్ నివేదికలో పేరు లేకపోయినా జెఫ్ బ్యాగ్‌వెల్ కండలు చూసి అనుమానించారు. అతడు ఏడో ప్రయత్నంలో గాని గెలవలేదు. పరీక్షలే లేని రోజుల్లో ఆడినవాడు తాను వాడలేదని దేనితో నిరూపించుకుంటాడు? అబద్ధమాడినవాడూ నిజం చెప్పినవాడూ ఒకే మాట చెబుతారు. ఇక మందు ముట్టకుండా మైనర్ లీగ్‌లలోనే ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు.

గోప్యత పేరుతో పరీక్షలకు అడ్డు చెప్పడం మనకు తెలియనిదేం కాదు. ఎప్పుడు ఎక్కడ ఉంటారో ముందే చెప్పాలన్న నిబంధనను సాకుగా చూపి బీసీసీఐ ఏళ్ల తరబడి నాడా పరిధిలోకి రాలేదు. 2019 ఆగస్టులో గాని ఒప్పుకోలేదు.

మేజర్ లీగ్‌లో ఇప్పుడు మొదటిసారి దొరికితే 80 మ్యాచ్‌లు, రెండోసారి 162, మూడోసారి జీవితకాల నిషేధం. రెండుసార్లు దొరికిన రాబిన్‌సన్ కనో 2021లో 2.4 కోట్ల డాలర్ల జీతం పోగొట్టుకున్నాడు. 34 కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్న ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2022లో దొరికాడు. తామరకు వాడిన మందు వల్లే అలా జరిగిందన్నాడు. శిక్ష ముగించుకుని 2023లో తిరిగొచ్చాడు. బయటి మైదానాల్లో కొన్నాళ్లు ప్రేక్షకులు అతణ్ని గేలిచేశారు. ఒప్పందం మాత్రం అలాగే ఉంది.