భారత ప్రామాణిక సమయం: సెకను కొలతలో స్వావలంబన

భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ సమీపం నుండి మన రాష్ట్రంలోని తుని ప్రాంతం మీదుగా సాగి బంగాళాఖాతాన్ని చేరుతున్నది. 1906 జనవరి 1న ఈ సమయం అమలులోనికి వచ్చినప్పటికీ కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ స్థానిక సమయాలను విడువలేదు.

అయితే రేఖాంశం గంటను నిర్ణయించగలదే గాని సెకను నిడివిని చెప్పజాలదు. భూభ్రమణ వేగంలో స్వల్పమైన హెచ్చుతగ్గులు ఉండడం వలన, 1967లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ సీజియం-133 పరమాణువును ప్రమాణంగా స్వీకరించింది. ఆ పరమాణువుకు చెందిన ఒక నిర్దిష్ట వికిరణం 919,26,31,770 సార్లు కంపించడానికి పట్టే వ్యవధియే ఒక సెకను. ఆ విధంగా పౌనఃపున్య ప్రమాణమే కాలానికి సైతం ప్రమాణమైనది.

మన దేశంలో ఈ బాధ్యతను న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తున్నది. అక్కడి సీజియం గడియారాలను, హైడ్రోజన్ మేసర్‌ను ఉపగ్రహాల ద్వారా ఇతర దేశాల గడియారాలతో నిరంతరం సరిపోల్చుతారు. అంతర్జాతీయ సమన్వయ సమయానికి అయిదున్నర గంటలు కలుపగా వచ్చేదే మన సమయం.

సామాన్యునికి సెకనులో లక్షలవ వంతుతో పనేమిటన్న సందేహం సహజమే. కాంతి ఒక్క మైక్రో సెకనులో దాదాపు 300 మీటర్లు పయనిస్తుంది. దారి చూపే ఉపగ్రహంలోని గడియారం అంతమాత్రం తప్పినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. విద్యుత్ గ్రిడ్ కుప్పకూలినపుడు ఏ లైను ముందుగా ట్రిప్ అయినదో తేల్చవలెనన్నా, బ్యాంకు లావాదేవీలలో ఏది ముందో నిర్ధారించవలెనన్నా సబ్ స్టేషన్లు, కంప్యూటర్లు అన్నింటి గడియారాలు ఏకీభవించి తీరాలి.

పరాధీనతకు మూల్యం 2016లో తెలిసివచ్చింది. ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహంలో అమర్చిన మూడు దిగుమతి రుబీడియం గడియారాలూ విఫలమై, ఉపగ్రహం కక్ష్యలోనే ఉన్నా స్థాన నిర్ధారణకు పనికిరాకుండా పోయింది. దానికి బదులుగా 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం ఉష్ణకవచం విడిపోకపోవడంతో నిష్ఫలమైంది. తుదకు 2023 మే 29న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01లో తొలిసారిగా స్వదేశీ రుబీడియం గడియారం నింగికెగసింది. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం దీనిని రూపొందించడం గమనార్హం.

నేలపై సమయ పంపిణీ సైతం ఇంతే ముఖ్యమైనది. సమాచార సాంకేతిక వ్యవస్థల గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం సర్వర్లతో గాని, వాటితో అనుసంధానమైన సర్వర్లతో గాని సరిచూసుకోవాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. చట్టబద్ధమైన, వాణిజ్య కార్యకలాపాలలో భారత ప్రామాణిక సమయ వినియోగంపై 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా నిబంధనలు వెలువరించి ప్రజాభిప్రాయం కోరింది. ఈ సమయ పంపిణీకి ఎంపికైన అయిదు ప్రాంతీయ ప్రయోగశాలలు అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటి నగరాలలో కలవు.