జాంబీ నవలా? లాక్కోకండి!

పదో తరగతి పరీక్షలు దగ్గర పెట్టుకుని మీ అమ్మాయి జాంబీల నవల పట్టుకు కూర్చుంటే ఒళ్లు మండటం సహజమే. అట్ట మీది బొమ్మ చూస్తే భయం కూడానూ. లాక్కునే ముందు ఆ కథేంటో వినండి.

జొనాథన్ మేబెరీ 2010లో రాసిన ‘రాట్ అండ్ రూయిన్’నే చూడండి. చచ్చినవాళ్లు లేచి తిరుగుతున్న అమెరికాలో, చుట్టూ కంచె కట్టుకుని బతికే ఓ చిన్న ఊరు. అక్కడ 15 ఏళ్లు వస్తే పనిలో చేరాల్సిందే. లేదంటే రేషన్ సగానికి కోసేస్తారు. (‘ఇంటర్లో ఏ గ్రూపు?’ అని వినీవినీ విసిగిన పిల్లలకు ఇదేం కొత్త కాదు!) ఏ పనీ కుదరక బెన్నీ తన అన్న టామ్ దగ్గరే చేరతాడు. అమ్మానాన్నల్ని వదిలేసి పారిపోయిన పిరికివాడని అన్నంటే అతనికి అసహ్యం. కంచె దాటాక గానీ టామ్ ఏంటో తెలియదు. జాంబీలు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి అమ్మ, ఎవరో ఒకరి కొడుకు అని మరచిపోని మనిషతను.

పిల్లల్ని కట్టిపడేసేది నెత్తురు కాదు, ఇదే. పెద్దవాళ్లు చెప్పేదంతా నిజమేనా అన్న అనుమానం, అయినవాళ్లు దూరమైపోతారేమోనన్న దిగులు ఇంట్లో పైకి అనలేరు. పుస్తకంలోనైతే, మరీ భయమేస్తే మూసేయొచ్చు.

పడుకునే ముందు మాత్రం చదవనివ్వకండి. పీడకలలు, నిద్ర పట్టకపోవటం, గదిలో ఒంటరిగా ఉండటానికి జంకటం వారాల తరబడి కనిపిస్తే మానసిక నిపుణులను కలవండి. అలాంటివేమీ లేకపోతే రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి: ‘ఇంతకీ బెన్నీ వాళ్లన్నతో మాట్లాడుతున్నాడా?’