ఇంటి కంప్యూటరులో ఫ్లైట్ సిమ్యులేటర్: స్థాపన, దోషనిదానం

వ్యాససంగ్రహం

ఇంటి కంప్యూటరులో ఫ్లైట్ సిమ్యులేటరును స్థాపించుకొనేవారికి తొలినాళ్లలో కొన్ని ఇబ్బందులు ఎదురవుతాయి. వాటిలో అధికభాగం తెరపై కనిపించే లక్షణానికీ దాని కారణానికీ మధ్య ఉన్న దూరాన్ని గమనించకపోవడం వల్ల జటిలమవుతాయి. ఫ్లైట్‌గేర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఉదాహరణగా స్వీకరించి, దాని నిర్మాణాన్నీ, స్థాపన క్రమాన్నీ, తరచుగా కనిపించే దోషాల నిదాన పద్ధతినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్లైట్‌గేర్, స్థాపన, దోషనిదానం, అన్వయవ్యతిరేకాలు, సాంకేతిక రచన.

1. ఉపోద్ఘాతం

నేల విడవకుండానే విమానయానాన్ని అభ్యసించే సాధనం ఇంటి కంప్యూటరు కన్నా పాతది. అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో గడించిన అనుభవంతో, గాలితిత్తుల సాయంతో కదిలే శిక్షణ యంత్రాన్ని 1929లో రూపొందించాడు. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపకల్పన చేసిన సిమ్యులేటరును 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఐబీఎం పీసీ కోసం విడుదల చేయడంతో ఈ విద్య ఇళ్లలో మరింతగా వ్యాపించింది. 1996లో ప్రతిపాదన దశలో మొదలై, 1997లో తొలి విడుదల పొందిన ఫ్లైట్‌గేర్ దీనిని ఉచితంగా, మూలసంకేతంతో సహా అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

సిమ్యులేటర్ సక్రమంగా పనిచేయనప్పుడు చాలామంది దానిని తొలగించి మళ్లీ స్థాపిస్తారు. దీనివల్ల అనేక జీబీల డేటా, ఎన్నో గంటల కాలం వ్యయమవుతాయి. అయినా దోషం మిగిలే ఉండవచ్చు. కొందరు అవసరం లేకుండానే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటారు. మరికొందరు విసిగి అభ్యాసాన్నే మానుకుంటారు. కారణం తెలియకుండా చేసే పరిహారం ఫలించకపోవడమే ఈ మూడింటిలోనూ కనిపిస్తుంది.

2. సిమ్యులేటర్ నిర్మాణం

దోషనిదానానికి ముందు నిర్మాణం తెలియాలి. ఫ్లైట్‌గేర్‌లో ప్రధానంగా నాలుగు అంగాలున్నాయి. మొదటిది విమాన గతిశాస్త్ర నమూనా. రెక్కలపై గాలి ఒత్తిడి, ఇంజిన్ బలం, బరువు మొదలైనవాటిని ఇది గణిస్తుంది. ఇందుకు వాడే జేఎస్‌బీసిమ్ సాధారణంగా సెకనుకు 120 సార్లు ఈ గణన చేస్తుంది. రెండవది దృశ్యచిత్రణ. ఇది గ్రాఫిక్స్ కార్డుపై ఆధారపడుతుంది. మూడవది భూభాగ సమాచారం. కొండలు, నదులు, రన్‌వేలు దీని పరిధిలోనివి. నాలుగవది నియంత్రణ. కీబోర్డు, మౌస్, జాయ్‌స్టిక్ ద్వారా వచ్చే ఆదేశాలు ఇందులో చేరతాయి.

కనిపించిన లక్షణం ఈ నాలుగింటిలో దేనికి చెందినదో గుర్తిస్తే నిదానంలో సగం పూర్తయినట్లే.

3. స్థాపన

ప్రాజెక్టు అధికారిక వెబ్‌సైటు నుంచే సాఫ్ట్‌వేరును దింపుకోవాలి. స్థాపనకు ముందు గ్రాఫిక్స్ డ్రైవరును నవీకరించడం అవసరం. తొలిసారి తెరిచినప్పుడు కనిపించే లాంచరులో విమానాన్నీ, విమానాశ్రయాన్నీ ఎంచుకోవాలి. అభ్యాసకులకు సెస్నా 172పి అనుకూలమైనది. విమానాశ్రయాలను నాలుగు అక్షరాల సంకేతంతో వెదకవచ్చు. శంషాబాద్‌కు వీఓహెచ్ఎస్, బేగంపేటకు వీఓహెచ్‌వై, విజయవాడకు వీఓబీజెడ్ అనేవి ఆ సంకేతాలు.

ప్రపంచ భూభాగం మొత్తం సాఫ్ట్‌వేరుతోపాటు రాదు. టెర్రాసింక్ అనే సదుపాయం, విమానం ఉన్నచోటికి అవసరమైన భాగాన్ని ఇంటర్నెట్ ద్వారా దింపుతుంది. మొబైల్ డేటాపై ఆధారపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తొలి ప్రయోగంలో అదనపు విమానాలు, జాయ్‌స్టిక్, అత్యున్నత చిత్రనాణ్యత ఏవీ చేర్చకూడదు. మూలరూపం సరిగా నడిచిందని నిర్ధారించుకొన్న తరువాత ఒక్కొక్కటిగా చేర్చాలి. అప్పుడే ఏది చేర్చినప్పుడు దోషం పుట్టిందో తెలుస్తుంది.

4. దోషనిదానం

ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం, ఒకటి లేనప్పుడు మరొకటి లేకపోవడం వ్యతిరేకం. కార్యకారణ సంబంధాన్ని నిర్ణయించడానికి మన శాస్త్రాలు వాడిన ఈ పద్ధతి ఇక్కడ యథాతథంగా వర్తిస్తుంది. ఒకసారి ఒక్క అంశాన్నే మార్చి ఫలితాన్ని గమనించాలన్నదే దీని ఆచరణ రూపం.

4.1 నేల కనిపించకపోవడం: శంషాబాద్‌ను ఎంచుకొంటే విమానం నడిసముద్రంలో నిలిచినట్లు కనిపించిందనుకొందాం. ఇది గ్రాఫిక్స్ కార్డు దోషంలా తోస్తుంది. కాని భూభాగ సమాచారం దొరకని చోట ఫ్లైట్‌గేర్ సముద్రాన్ని చూపుతుంది. సాఫ్ట్‌వేరుతోపాటు వచ్చిన విమానాశ్రయాన్ని ఎంచుకొన్నప్పుడు నేల కనిపిస్తే దృశ్యచిత్రణ నిర్దోషమని తేలుతుంది. అప్పుడు టెర్రాసింక్ పనిచేస్తున్నదో లేదో చూడాలి.

భూభాగాన్ని విడిగా దింపుకొన్నవారు ఫోల్డరును పరిశీలించాలి. శంషాబాద్ 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 78, 79 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. అందువల్ల దాని సమాచారం ‘టెర్రెయిన్’ ఫోల్డరులోని ‘ఈ070ఎన్10’ లోపల ‘ఈ078ఎన్17’లో ఉండాలి. లాంచరుకు చూపవలసినది ‘టెర్రెయిన్’ ఫోల్డరును కాదు, దానిని కలిగి ఉన్న పై ఫోల్డరును.

4.2 దృశ్యం తడబడడం: సెకనుకు ఎన్ని చిత్రాలు తెరపైకి వస్తున్నాయో తెలిపేది ఫ్రేమ్ రేట్. అది తగ్గితే దృశ్యం తడబడుతుంది. అప్పుడు మిగిలిన అమరికలేవీ మార్చకుండా విండో పరిమాణాన్ని మాత్రమే సగానికి తగ్గించాలి. ఫ్రేమ్ రేట్ బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుపై ఉన్నట్లు. మార్పు లేకుంటే భారం ప్రాసెసరుపై ఉన్నట్లు. రెండవ సందర్భంలో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నా ప్రయోజనం స్వల్పం. కొత్త ప్రాంతంలోకి ప్రవేశించినప్పుడు మాత్రమే కాసేపు తడబడితే, అది ఎక్కువగా భూభాగాన్ని డిస్కు నుంచి చదువుకోవడం వల్ల కలిగే జాప్యం.

కొన్ని ల్యాప్‌టాపులలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. శక్తిమంతమైనది ఖాళీగా ఉండి, సామాన్యమైనది సిమ్యులేటరును మోస్తూ ఉండవచ్చు. ఏది పనిచేస్తున్నదో చూసి, విండోస్ గ్రాఫిక్స్ అమరికలలో మార్చుకోవాలి.

4.3 జాయ్‌స్టిక్ స్పందించకపోవడం: జాయ్‌స్టిక్‌ను ముందుగా అమర్చి, ఆ తరువాత సిమ్యులేటరును తెరవడం మంచిది. అప్పటికీ స్పందించకపోతే విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ల పరీక్షలో చూడాలి. అక్కడ కదలిక కనిపించి సిమ్యులేటరులో కనిపించకపోతే, దోషం సిమ్యులేటరు అమరికలో ఉంది. అక్కడ కూడా కనిపించకపోతే తీగలోనో, డ్రైవరులోనో, పరికరంలోనో ఉంది.

4.4 అదనపు విమానం తెరుచుకోకపోవడం: జిప్ రూపంలో దింపుకొన్న విమానపు ఫోల్డరు పేరు చివర కొన్నిసార్లు ‘మాస్టర్’ అనే మాట చేరి ఉంటుంది. విమానపు ఫైళ్లు ఒకదానినొకటి అసలు ఫోల్డరు పేరుతోనే వెదుక్కొంటాయి. పేరు మారితే అవి దొరకవు. చేరిన మాటను తొలగిస్తే చాలు.

4.5 దోషాలుగా భ్రమింపజేసేవి: సెస్నా ఇంజిన్ ఒక్క మీట నొక్కగానే మొదలుకాదు. ఇంధన మిశ్రమం సరిగా ఉండాలి, మాగ్నెటో తాళం తిప్పాలి, ఆపైన స్టార్టరు నొక్కాలి. ఇంజిన్ నడుస్తున్నా విమానం కదలకపోతే పార్కింగ్ బ్రేకు చూడాలి.

రన్‌వేపై వేగం అందుకొనేటప్పుడు విమానం ఎడమకు లాగడం చూసి జాయ్‌స్టిక్ చెడిపోయిందని అనుకొనేవారున్నారు. పైలట్ ఆసనం నుంచి చూస్తే సెస్నా ప్రొపెల్లర్ కుడివైపుగా తిరుగుతుంది. దాని ప్రతిక్రియ, అది వెనుకకు నెట్టే సుడిగాలి విమానాన్ని ఎడమకు తిప్పుతాయి. నిజమైన సెస్నాలోనూ పైలట్ కుడి రడ్డరు పెడలు తొక్కవలసిందే. ఇక్కడ సిమ్యులేటర్ తప్పడం లేదు, నేర్పుతున్నది.

5. లాగ్ ఫైలు పఠనం

ప్రతి ప్రయోగంలో జరిగినదంతా ‘ఎఫ్‌జీఎఫ్ఎస్.లాగ్’ అనే ఫైలులో నమోదవుతుంది. సిమ్యులేటరును మరల నడిపేముందు దాని ప్రతిని వేరుగా దాచుకోవాలి. అందులో పదుల కొద్దీ హెచ్చరికలు ఉండవచ్చు. అన్నీ ప్రమాదకరాలు కావు. ఒక ఫైలు దొరకకపోతే దానిపై ఆధారపడినవన్నీ వరుసగా విఫలమవుతాయి కనుక, చివరి దోషం కన్నా మొదటి దోషం ముఖ్యం. మాతృకలో పడిన ఒక్క లేఖకదోషం పుత్రికాప్రతులన్నింటికీ సంక్రమించడం తాళపత్ర పరిష్కర్తలకు తెలిసినదే. ఇక్కడ కూడా మాతృకను పట్టుకోవాలి.

పునఃస్థాపన తరచుగా ఫలించకపోవడానికీ ఇక్కడే సమాధానం ఉంది. వాడుకరి మార్చుకొన్న అమరికలు సాఫ్ట్‌వేరు ఫోల్డరులో కాక, వాడుకరి ఫోల్డరులో ‘ఆటోసేవ్’ అనే మాటతో మొదలయ్యే ఫైలులో ఉంటాయి. సాఫ్ట్‌వేరును తొలగించినా ఆ ఫైలు నిలిచి, పాత దోషాన్ని కొత్త స్థాపనకు అందిస్తుంది. సిమ్యులేటరును మూసి, ఆ ఒక్క ఫైలును వేరేచోటికి తరలించి మళ్లీ తెరిస్తే, దోషం అమరికలలో ఉన్నదో లేదో నిమిషాలలో తేలుతుంది.

6. ముగింపు

పై పరిశీలన తెలుగులో సాంకేతిక రచన చేసేవారికి ఒక సూచన ఇస్తుంది. మెనూల పేర్లు తెరపై ఆంగ్లంలో ఉంటాయి. వాటికి కొత్త తెలుగు పదాలు కల్పిస్తే పాఠకుడు తెరపై వాటిని గుర్తించలేడు. వాటిని ఉన్నట్లే ఉంచడం ఉచితం. కాని లక్షణం, కారణం, నిదానం, పరిహారం అనే ఆలోచన క్రమానికి మాత్రం అరువు పదాలు అవసరం లేదు. అందుకు తగిన పరిభాష వైద్య, తర్క శాస్త్రాల ద్వారా తెలుగులో ఎప్పటినుంచో ఉంది. మీట పేరు చెప్పి నొక్కమనే రచన ఒక్క దోషాన్ని తొలగిస్తుంది. నిదానక్రమాన్ని నేర్పే రచన, రేపు సాఫ్ట్‌వేరు మారి మీటల పేర్లు మారినా, పాఠకుడికి అక్కరకు వస్తుంది.