మంచమును మోసే నలుగురు ఎక్కడ?



గత ఏడాది వరినాట్ల కాలములో మా సంఘములోని ఒక సహోదరి పొలములోనే కూలిపోయింది. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. 108 వాహనములో పట్టణపు ఆసుపత్రికి చేర్చగా ప్రాణము దక్కింది. ఆదివారము సంఘమంతా దేవునికి స్తోత్రము చెల్లించాము. అయితే ఇంటికి పంపుతూ వైద్యులు చీటీ మీద వ్రాసిన చివరి మాటను మేమెవరమూ పట్టించుకోలేదు. రోజూ ఫిజియోథెరపీ చేయించాలని వ్రాశారు.

పక్షవాతములో మెదడుకు రక్తము అందక, లేదా రక్తనాళము చిట్లి, మెదడులో కొంత భాగము చనిపోతుంది. అది తిరిగి బ్రతకదు. కాని మిగిలిన మెదడు దాని పనిని కొంతవరకు నేర్చుకోగలదు. పసిబిడ్డకు నడక నేర్పినట్లు ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేయించాలి. మొదటి మూడు నెలలలో ఈ మేలు ఎక్కువగా కనబడుతుంది. తరువాత ఆగిపోదు గాని నెమ్మదిస్తుంది.

ఆ మూడు నెలలు మా సహోదరికి ఎలా గడిచాయి? పట్టణము ముప్పై కిలోమీటర్లు. బస్సు ఎక్కాలంటే పేట నుండి రోడ్డు దాకా నడవాలి. నడవలేకనే గదా వైద్యము! ఆటో కిరాయి ఒక రోజు కూలిని మించుతుంది. తోడు వెళ్ళే కుమారుని కూలి కూడా పోతుంది. మూడుసార్లు వెళ్ళి మానుకున్నారు. ఎవరో చెప్పగా పావురపు రక్తముతో మర్దన చేశారు, మేలేమీ కలుగలేదు. చెయ్యి ముడుచుకొని బిగిసిపోయింది.

అది దేవుని చిత్తమని ఆమెను ఓదార్చినది నేనే. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆమెకు అడ్డుపడినది దేవుని చిత్తము కాదు, ఆటో కిరాయి.

ఇంటివారే చేయించుకోవచ్చు గదా అని కొందరంటారు. మన దేశములోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇంటివారికి వ్యాయామములు నేర్పి పంపిన గుంపులోను, మామూలు వైద్యము పొందిన గుంపులోను ఆరు నెలల తరువాత ఫలితము ఒక్కటే. ఇంటివారి ప్రేమ కావాలి. పని తెలిసిన చెయ్యి కూడా కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతముతో మంచానికే పరిమితమైనవారి పింఛనును 2024లో ప్రభుత్వము నెలకు 15,000 రూపాయలకు పెంచింది. మంచిదే. అర్హులైన వారిచేత దరఖాస్తు పెట్టించండి. అయితే మంచము పట్టినవారికి ఇచ్చే సాయముతో పాటు, మంచము దిగడానికి కావలసిన సాయము కూడా పల్లెకు రావాలి. వారానికి ఒక్కరోజైనా ఫిజియోథెరపిస్టును మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపమని గ్రామసభలో అందరమూ కలిసి అడుగుదము.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. జనము అడ్డుపడితే ఇంటి కప్పు విప్పారు. మన సంఘములో ఆ నలుగురు ఎవరు? యౌవనస్థులు వంతులవారీగా తోడు వెళ్ళలేరా? స్త్రీల సమాజము కూర్చే గుప్పెడు బియ్యములో ఒక భాగము ఆటో కిరాయికి చాలదా?

మా సంఘము ఆలస్యముగానే మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు ఆమెను తీసుకొని వెళ్తున్నారు. వేళ్ళు ఇంకా పూర్తిగా తెరచుకోలేదు. కాని మొన్న ఆదివారము, కోడలి భుజము పట్టుకొని, ఆమె తన కాళ్ళ మీద గుడి మెట్టు ఎక్కింది.