మట్టితో చెలిమి – సాయంత్రం క్లాసులో తొలి పాఠాలు

"ఈ వయసులో మట్టి పిసుకుతావా?" అని ఇంట్లో ఎవరైనా నవ్వితే మీరూ నవ్వేయండి. కుట్లూ అల్లికలూ నేర్పినట్టే ఇప్పుడు హైదరాబాదులాంటి నగరాల్లో కుండలు చేయడమూ నేర్పుతున్నారు. పగలు తీరికలేనివాళ్ల కోసం కొన్నిచోట్ల సాయంత్రం క్లాసులు కూడా ఉన్నాయి. చేరాలని ఉన్నా "నాకొస్తుందా?" అన్న జంకుతో ఆగిపోతున్నారా? ఇందులో సగం పని మన చేతులకు ముందే తెలుసు సుమా!

పిండి కలిపిన చేతులేగా!

మొదటి పాఠం మట్టి మర్దించడం. బంకమట్టిని చపాతీ పిండిలా అరచేత్తో నొక్కి, మడిచి, మళ్లీ నొక్కాలి. అప్పుడు మట్టంతా ఒకేలా మెత్తబడుతుంది, లోపలి గాలి బుడగలు పోతాయి.

తర్వాత సారె లేకుండా చేత్తో చేసే పద్ధతులు. బొబ్బట్టులో పూర్ణం పెట్టడానికి పిండిని దొప్పలా ఒత్తుతాం కదా, అలా బొటనవేలితో ఒత్తి గిన్నె చేయడం ఒకటి. చేగోడీలకు చేసినట్టు మట్టిని తాళ్లలా పాముకుని ఒకదానిమీద ఒకటి చుట్టడం రెండోది. అప్పడాల కర్రతో పలకలా వత్తి, కోసి అతకడం మూడోది. అతికేచోట ఫోర్కుతో గీతలు గీసి, అట్లపిండిలా జారుగా కలిపిన మట్టి రాయాలి. ఉత్తినే అంటిస్తే ఆరేటప్పుడు ఊడొస్తుంది.

సారె ముందు ఓపిక

కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కి, కలిపి, రంగులద్దినా, చాలాచోట్ల సారె తిప్పేది మాత్రం మగవాళ్లే. కాలం మారింది. 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించారు. కులవృత్తితో సంబంధం లేని ఎందరో అక్కడ ఈ విద్య నేర్చుకున్నారు.

సారె మీద ముందు నేర్చుకోవలసింది కుండ కాదు, మట్టిముద్దను సరిగ్గా నడిమధ్యకు తేవడం. ముద్ద ఊగుతుంటే గోడ ఒకపక్క మందంగా, ఒకపక్క పల్చగా వస్తుంది. దీనికి కండబలం అక్కర్లేదు. మోచేతులు తొడలకు ఆనించి చేతులు కదలనీయకపోతే మట్టే దారికొస్తుంది. బత్తాయంత ముద్దతో మొదలుపెట్టండి. పట్టుబడడానికి వారాలు పట్టినా కంగారుపడకండి.

వంటింట్లో సాంబారు కాస్త ఉప్పెక్కితే ఆ పూటంతా మాటలు పడాలి. ఇక్కడ కూలిన కుండకు లెక్క అడిగేవారుండరు. కాల్చనంతవరకు, ఎండిపోయినదైనా సరే, నానబెడితే మళ్లీ మట్టే! ఏళ్ల తరబడి ఏ పనిలోనూ పొరపాటు రాకూడదని బతికే మనకు, పాడుచేస్తూ నేర్చుకునే రెండు గంటలు దొరకడం చిన్న విషయమా? అందుకే మొదటి నెలలో ఇంటికి తెచ్చి చూపించడానికి ఏమీ లేకపోయినా మానేయకండి. "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అంటే "నేర్చుకుంటున్నాను" అనండి, చాలు.

ఆరబెట్టడం, కాల్చడం

వడియాల్లా ఎండలో పెట్టారో, అంచులు ముందు ఆరి బీటలిస్తాయి. నీడలో, ప్లాస్టిక్ కవరు కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే కాల్చేటప్పుడు అది ఆవిరై వస్తువు పగిలిపోతుంది. పక్కవాళ్లవీ పాడవుతాయి. ఆరి, కాలేసరికి మట్టిరకాన్ని బట్టి సుమారు పదోవంతు కుంచించుకుపోతుంది. కాబట్టి కావలసినదానికన్నా కాస్త పెద్దదే చేయండి.

మొదటిసారి 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. గాజుపూత పూసి రెండోసారి కాలుస్తారు. స్టోన్‌వేర్‌కైతే 1200 డిగ్రీలు దాటాలి. ఇది మన గ్యాసు పొయ్యి మీద అయ్యే పని కాదు.

తినడానికి వాడేముందు

మెరిసే గిన్నెలన్నీ వంటింటికి పనికిరావు. పూతలో సీసం ఉంటే చింతపండు, నిమ్మరసం, పెరుగు లాంటి పులుపు తగిలి అది ఆహారంలోకి దిగుతుంది. పసిపిల్లలకు మరీ ప్రమాదం. పూత సీసం లేనిదేనా, తిండికి వాడవచ్చా అని టీచరును అడిగి తెలుసుకోండి. అనుమానం ఉంటే ఆ గిన్నెలో కుంకుమో, పిన్నీసులో వేసుకోండి.

వెళ్లేటప్పుడు...

– గోళ్లు కత్తిరించుకోండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. జడ ముడి వేసుకుని, కొంగుగానీ చున్నీగానీ తిరిగే సారెకు చిక్కుకోకుండా దోపుకోండి.

– మట్టి, కాల్చే ఖర్చు ఫీజులో కలిసే ఉన్నాయా, ఎంతమందికి ఒక సారె ఇస్తారు అని ముందే అడగండి.

– మట్టి చేతులు సింకులో కడిగితే పైపు పూడుకుపోతుంది. బకెట్టులో కడిగి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్లు పారబోయండి.

– ఎండిన మట్టి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నాలుగు వారాలు సారె ముందు కూర్చున్నాక, దీపావళికి ప్రమిదలు కొనేటప్పుడు బేరమాడడానికి మీకే మనసొప్పదు!